మెదడులో జబ్బున్న చోటికి మందు చేర్చే దారులు: ఎవరికి ఏది తగినది

మెదడులో గడ్డ ఉందని తెలిసిన కుటుంబానికి ఈ రోజుల్లో చికిత్స గురించి ఎన్నో మాటలు వినిపిస్తాయి. నోటి మాత్రలు, సిర ద్వారా ఎక్కించే కీమో, ఆపరేషన్ సమయంలో గడ్డ తీసిన గుంతలోనే పెట్టే మందు బిళ్ళలు, నెత్తి చర్మం కింద అమర్చే రిజర్వాయర్, సన్నని గొట్టంతో మెదడు కణజాలంలోకి నేరుగా పంపే మందు, అల్ట్రాసౌండ్‌తో రక్తనాళాల గోడను కాసేపు తెరవడం, నానో కణాలు, ముక్కులో కొట్టే స్ప్రే: వీటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు ‘మందును నేరుగా జబ్బున్న చోటికే పంపే పద్ధతి’ అనే పరిచయం చేస్తారు. వీటిలో కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవి, కొన్ని అరుదైన ఒకటి రెండు జబ్బులకే ఆమోదం పొందినవి, కొన్ని ఇంకా పరిశోధన దశలోనే ఉన్నవి. కొత్తదనాన్నో ఖరీదునో చూసి వీటిని పోల్చుకుంటే నష్టమే ఎక్కువ. జబ్బు మెదడులో సరిగ్గా ఎక్కడుంది, అక్కడి రక్తనాళాల గోడ చెక్కుచెదరకుండా ఉందా, వాడదలచిన మందు అణువు చిన్నదా పెద్దదా, ఎన్నాళ్ళపాటు ఎన్నిసార్లు ఇవ్వాలి అన్న నాలుగు సంగతులు తేలితే దారి చాలావరకు తేలిపోతుంది. ఈ వ్యాసం ప్రధానంగా మెదడు గడ్డల గురించి. మిగతా జబ్బులను పోలిక అవసరమైన చోట మాత్రమే ప్రస్తావించాను.

అడ్డుగోడ, ఎంఆర్‌ఐలో మెరిసే భాగం

మెదడులోని సన్న రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వైద్యులు దీన్నే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అంటారు. శరీరంలో మిగతా చోట్ల కణాల మధ్య సందుల్లోంచి మందు బయటికి ఊరుతుంది కాని, ఇక్కడ ఆ వీలు లేదు. కణంలో నుంచే దాటుకుని వెళ్ళబోయిన మందును తిరిగి రక్తంలోకి నెట్టేసే ప్రోటీన్లు కూడా ఆ గోడ మీద ఉంటాయి. అందుకే అణుభారం సుమారు 400, 500 డాల్టన్లకు లోపు ఉండి, కొవ్వులో కరిగే స్వభావం గల చిన్న అణువులలో కొన్ని మాత్రమే తమంతట తాము ఈ గోడ దాటగలవు. యాంటీబాడీల వంటి పెద్ద అణువులు దాదాపుగా బయటే ఆగిపోతాయి.

1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించినప్పుడు మిగతా అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు మాత్రం పట్టలేదు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ రంగును వెన్నునీటిలోకి (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి) ఎక్కిస్తే మెదడుకు రంగు పట్టింది, మిగతా శరీరానికి పట్టలేదు. ఈనాటికీ మన ముందున్న ప్రధానమైన దారులు ఈ రెండే: రక్తం ద్వారా వెళ్ళి గోడను దాటడం, లేదా గోడను తప్పించుకుని అవతలి వైపున మందు పెట్టడం.

కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఎంఆర్‌ఐ రిపోర్టులోనే ఉంటుంది. స్కాన్ సమయంలో ఎక్కించే గాడోలినియం కాంట్రాస్ట్ కూడా ఆరోగ్యంగా ఉన్న గోడను దాటలేదు. కనుక స్కాన్‌లో ఒక భాగం తెల్లగా మెరిసింది అంటే అక్కడ గోడ దెబ్బతిని కాంట్రాస్ట్ లోపలికి కారిందని అర్థం. గ్లియోబ్లాస్టోమా (మెదడులోనే పుట్టే, వేగంగా పెరిగే క్యాన్సర్) వంటి గడ్డలో ఆ మెరిసే భాగాన్ని సర్జన్ చాలావరకు తీసేయగలుగుతారు. దాని చుట్టూ ఆరోగ్యంగా కనిపించే కణజాలంలోకి పాకిన కణాలు మాత్రం చెక్కుచెదరని గోడ వెనుక దాగి ఉంటాయి. గడ్డ మళ్ళీ వచ్చేది ఎక్కువగా పాత చోటికి రెండు సెంటీమీటర్ల లోపలే. ‘గడ్డలోకి మందు బాగా చేరుతోంది’ అని ఎవరైనా చెబితే, మెరిసే ముద్దలోకా, చుట్టూ పాకిన కణాల దాకానా అని అడగాలి. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా మీదే చాలా పద్ధతుల విలువ ఆధారపడి ఉంది.

గోడ దాటే మాత్ర దొరికితే అదే మొదటి ఎంపిక

ఎక్కువమంది రోగులకు తగిన దారి అన్నిటికంటే సాదాసీదాగా కనిపించే నోటి మాత్రే అని నా దృఢమైన అభిప్రాయం. రక్తనాళాలు మెదడులో ప్రతి కణానికీ చేరువగా వెళ్తాయి కనుక, గోడ దాటగల మందు ఉంటే అది స్కాన్‌లో కనిపించని కణాల దాకా కూడా వెళ్తుంది. ఏ గొట్టానికీ ఏ బిళ్ళకూ అంత విస్తృతి లేదు.

గ్లియోబ్లాస్టోమాలో టెమోజోలమైడ్ ఇందుకు ఉదాహరణ. దాని అణుభారం 194 మాత్రమే. వెన్నునీటిలో దాని గాఢత రక్తంలో ఉన్నదానిలో సుమారు ఐదో వంతు ఉంటుంది. 2005లో వెలువడిన పరిశోధనలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 12.1 నెలలు కాగా, దానికి ఈ మాత్ర కలిపినవారిది 14.6 నెలలు. గడ్డ ముక్కలో ఎంజీఎంటీ అనే జన్యువు మిథైలేషన్‌కు గురై మూతపడి ఉన్నవారికి ప్రయోజనం ఇంకా ఎక్కువ. వారిలో అది 21.7 నెలల దాకా వెళ్ళింది. మందు చేరడం ఒక ఎత్తు, చేరిన చోట పనిచేయడం ఇంకో ఎత్తు అనడానికి ఈ పరీక్షే సాక్ష్యం: మందు అందరి మెదడుకూ ఒకేలా చేరుతుంది, ఎంజీఎంటీ చురుగ్గా ఉన్న గడ్డ మాత్రం మందు చేసిన నష్టాన్ని తనే బాగుచేసుకుంటుంది. బయాప్సీలో తీసి మైనంలో భద్రపరచిన ముక్క (పారఫిన్ బ్లాకు) మీద ఈ పరీక్ష చేయించారో లేదో అడగడం ఏ కొత్త పద్ధతి గురించి అడగడంకన్నా ముందు జరగాలి. ఈ మందు జనరిక్‌ను హైదరాబాద్ సహా మన దేశంలోని కంపెనీలే తయారుచేస్తున్నాయి. ఖాళీ కడుపుతో, వాంతి రాకుండా ఇచ్చే మాత్ర ముందుగా వేసుకుని తీసుకోవాలి. రక్తకణాల పరీక్షలు క్రమం తప్పకూడదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకినవారి విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పవచ్చు. ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉన్నవారికి ఒసిమెర్టినిబ్, ఏఎల్‌కే జన్యువులో మార్పు ఉన్నవారికి అలెక్టినిబ్ నోటి ద్వారా తీసుకున్నా మెదడులోని గడ్డల మీద బాగా పనిచేస్తాయి. ఇవి మెదడులోకి బాగా చేరే అణువులు. జన్యుపరీక్ష చేయించకుండా మెదడులోకి మందు చేర్చే ఇతర మార్గాల కోసం తిరగడం వల్ల విలువైన వారాలు వృథా అవుతాయి.

మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగా కనిపించే మెదడు పొరల క్షయలోనూ సూత్రం ఇదే. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ వెన్నునీటిలోకి బాగా చేరతాయి. రిఫాంపిసిన్ కొద్ది వంతే చేరుతుంది. స్ట్రెప్టోమైసిన్, ఎథాంబుటాల్ పొరలు వాచి ఉన్నంతకాలమే ఎంతో కొంత చేరతాయి. పొరలకు వచ్చిన జబ్బు కదా, మందును వెన్నులోకే ఇవ్వరెందుకు అని బంధువులు అడుగుతుంటారు. గోడ దాటే మాత్రలు ఉన్నప్పుడు సూది అవసరం లేదు. వాటిని నెలల తరబడి మానకుండా వేయించడమే అక్కడ అసలు పని.

గోడ తలుపులను తెలివిగా వాడుకున్న పాత ఉదాహరణ పార్కిన్సన్స్ జబ్బులో ఉంది. లోపించేది డోపమైన్ అయినా, అది గోడ దాటదు. దాని ముందు రూపమైన లీవోడోపా, ప్రోటీన్ ఆహారంలోని అమైనో ఆమ్లాలు వెళ్ళే దారినే మెదడులోకి వెళ్తుంది. దానితో కలిపి ఇచ్చే కార్బిడోపా గోడ దాటదు కనుక మెదడు బయట మాత్రమే లీవోడోపా మారిపోకుండా ఆపుతుంది. మాంసం, గుడ్డు, పప్పు దండిగా తిన్న వెంటనే ఆ మాత్ర వేసుకుంటే కొందరికి పని తగ్గినట్టు అనిపించడానికి కారణం, ఆ అమైనో ఆమ్లాలు అదే తలుపు దగ్గర పోటీపడడమే.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. బెవాసిజుమాబ్ యాంటీబాడీ, అంటే భారీ అణువు. అయినా మెదడు గడ్డల్లో వాడతారు. అది పట్టుకునే పదార్థం రక్తంలోనూ గడ్డ రక్తనాళాల దగ్గరా దొరుకుతుంది కనుక గోడ దాటవలసిన అవసరమే దానికి అంతగా లేదు. వాపు తగ్గి, స్టెరాయిడ్ మోతాదు తగ్గించుకోగలగడం నిజమైన ఊరట. కాని కొత్తగా బయటపడిన గ్లియోబ్లాస్టోమాలో అది మొత్తం జీవితకాలాన్ని పెంచలేదని 2014లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలూ చూపాయి. ఇది వాడాక స్కాన్‌లో మెరుపు తగ్గడాన్ని గడ్డ తగ్గినట్టుగా వెంటనే లెక్కవేయకూడదు. గోడ కారడం ఆగినా మెరుపు తగ్గుతుంది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వాడినప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం.

గుంతలో పెట్టే బిళ్ళలు

జాన్స్ హాప్కిన్స్ న్యూరోసర్జన్ హెన్రీ బ్రెమ్, ఎంఐటీకి చెందిన రాబర్ట్ లాంగర్ కలిసి రూపొందించిన కార్ముస్టీన్ అనే కీమో మందు బిళ్ళలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1996లో తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాకు, 2003లో కొత్తగా బయటపడిన హై గ్రేడ్ గ్లియోమాకు (గ్లియోబ్లాస్టోమా సహా వేగంగా పెరిగే గడ్డలకు) ఆమోదించింది. ఒక్కొక్కటి సెంటీమీటరున్నర వెడల్పు కూడా ఉండని పలుచని తెల్లటి బిళ్ళ, అందులో 7.7 మి.గ్రా. మందు ఉంటుంది. గడ్డ తీశాక సర్జన్ గుంత గోడల మీద ఎనిమిది వరకు పేర్చి పుర్రె మూసేస్తారు. అవి రెండు మూడు వారాలపాటు కరుగుతూ మందు విడుదల చేస్తాయి; తర్వాత తీయవలసిన పని లేదు.

దీని బలం, పరిమితి ఒకే చోట ఉన్నాయి. మందు రక్తంలోకి పెద్దగా వెళ్ళదు కనుక వాంతులు, రక్తకణాలు పడిపోవడం అంతగా ఉండవు. అయితే బిళ్ళ నుంచి మందు కణజాలంలోకి వెళ్ళేది కొద్ది మిల్లీమీటర్లే, పాకిన కణాలు సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 240 మందితో చేసిన పరిశోధనలో మధ్యస్థ జీవితకాలం 11.6 నుంచి 13.9 నెలలకు పెరిగింది కాని, వారిలో గ్లియోబ్లాస్టోమా ఉన్నవారిని విడిగా చూస్తే ఆ తేడా గణాంకాల ప్రకారం నిలవలేదు. గాయం మానకపోవడం, వెన్నునీరు కారడం, ఇన్ఫెక్షన్, వాపు, ఫిట్స్ వంటి ఇబ్బందులు వచ్చే అవకాశం ఉంది. గుంత మెదడు లోపలి వెన్నునీటి గదులలోకి వెడల్పుగా తెరుచుకుంటే బిళ్ళలు పెట్టడం శ్రేయస్కరం కాదు.

ఈ ఎంపికకు ఆపరేషన్ తర్వాత వ్యవధి ఉండదు. బిళ్ళలు ఆసుపత్రిలో సిద్ధంగా ఉండాలి, కణజాలాన్ని ఆపరేషన్ మధ్యలోనే పరీక్షించి అది హై గ్రేడ్ గ్లియోమా అని నిర్ధారించాలి. పైగా ఒకసారి బిళ్ళలు పెట్టించుకున్నవారిని తర్వాత చాలా ట్రయల్స్‌లోకి (కొత్త చికిత్సలను రోగులలో పరీక్షించే పరిశోధనలలోకి) తీసుకోరు. మొత్తం గడ్డ తీయగలిగిన, మళ్ళీ ఆపరేషన్‌కు వచ్చిన రోగికి ఇది ఆలోచించదగినదే. మొదటిసారి ఆపరేషన్ అవుతూ, మాత్రా రేడియేషనూ తీసుకోగలిగిన వ్యక్తి విషయంలో అయితే నేను దీని కోసం పట్టుబట్టను.

వెన్నునీటి దారి: ఎక్కువగా అపార్థం చేసుకునేది

వెన్నునీరు పెద్దవారిలో ఎప్పుడూ సుమారు 150 మి.లీ. ఉంటుంది, రోజుకు దాదాపు 500 మి.లీ. కొత్తగా ఊరుతుంది. అంటే ఆ నీరు రోజులో మూడు నాలుగు సార్లు మారిపోతుంది. అందులోకి ఇచ్చిన మందు మెదడు ఉపరితలాన్నీ వెన్నుపామునూ తడుపుకుంటూ వెళ్ళి రక్తంలో కలిసిపోతుంది. కణజాలం లోపలికి మిల్లీమీటర్ల లోతే దిగుతుంది. కాలువ నిండా నీళ్ళు పారించినా గట్టుకు దూరంగా ఉన్న పొలం నడిమధ్య తడవదు కదా, ఇదీ అంతే. కాబట్టి జబ్బు మెదడు పొరల మీద, వెన్నునీటిలో తేలే కణాలలో ఉన్నప్పుడు ఇది మంచి దారి. మెదడు లోతున ముద్దగా ఉన్న గడ్డకు ఈ దారిన మందు ఇవ్వమని వైద్యుణ్ణి ఒత్తిడి చేయడం వృథా.

ఈ దారిలోనే మళ్ళీ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, నడుము దగ్గర సూది వేసి ప్రతిసారీ ఇవ్వడం. రెండోది ఒమాయా రిజర్వాయర్. ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన న్యూరోసర్జన్ అయూబ్ ఒమాయా 1963లో దీన్ని ప్రవేశపెట్టారు. నెత్తి చర్మం కింద చిన్న సిలికాన్ బుడగ, దాని నుంచి మెదడులోని వెన్నునీటి గదిలోకి సన్నటి గొట్టం ఉంటాయి. మందు ఇచ్చే రోజు అక్కడి జుట్టు పక్కకు తీసి, చర్మాన్ని యాంటీసెప్టిక్‌తో రెండు మూడుసార్లు తుడిచి, సన్నని బటర్‌ఫ్లై సూదిని బుడగలోకి గుచ్చుతారు. ముందు కొన్ని మిల్లీలీటర్ల నీటిని నెమ్మదిగా తీసి కణాల పరీక్షకు పంపుతారు, తర్వాత ఇంచుమించు అంతే పరిమాణంలో మందును నెమ్మదిగా ఎక్కిస్తారు. సూది తీశాక బుడగను వేలితో మెల్లగా నాలుగైదుసార్లు నొక్కి మందును లోపలి గదికి పంపుతారు. రోగి పడుకునో కూర్చునో ఉండగానే కొద్ది నిమిషాలలో పని ముగుస్తుంది.

నడుము సూదితో పోలిస్తే రిజర్వాయర్‌కు మూడు మేళ్ళు ఉన్నాయి. వెన్నునీటి గదుల నుంచి వెన్నుపాము దాకా మందు సమంగా అందుతుంది. నడుము సూదితో కొన్నిసార్లు మందు వెన్నునీటిలోకి కాక దాని పై పొరల మధ్యకు వెళ్ళిపోతుంది, రిజర్వాయర్‌తో ఆ పొరపాటు జరగదు. వారానికి రెండుసార్లు మందు కావలసిన రోగికి ప్రతిసారీ నడుము నొప్పి, ఆ తర్వాతి తలనొప్పి తప్పుతాయి. నష్టాలు కూడా చిన్నవి కావు. దాన్ని అమర్చడానికి ఒక ఆపరేషన్ కావాలి, బుడగకు ఇన్ఫెక్షన్ సోకవచ్చు, గొట్టం మూసుకుపోవచ్చు. రిజర్వాయర్ ఉన్న వ్యక్తికి జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడిఉండడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పొరలకు పాకిన క్యాన్సర్‌కు తరచుగా, చాలాసార్లు మందు ఇవ్వవలసి వస్తే రిజర్వాయరే మేలు. లుకేమియా ఉన్న పిల్లలకు నెలల వ్యవధిలో విడివిడిగా ఇచ్చే మోతాదులకు నడుము సూదే సాధారణ పద్ధతి, అది చాలు. ఏదైనా, నీటి ప్రవాహానికి ఎక్కడా అడ్డు లేదని ముందుగా తేల్చుకోవాలి. అడ్డు ఉంటే మందు ఒక్కచోటే నిలిచి విషమవుతుంది.

ఒకే మందు రెండు దారుల్లో ఎలా మారుతుందో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు చూపిస్తుంది. వెన్నునీటిలోకి పెద్దవారికి ఇచ్చేది సాధారణంగా 12 మి.గ్రా.; అదీ ప్రిజర్వేటివ్ కలపని మందే అయి ఉండాలి. మెదడు లోపలే పుట్టిన లింఫోమాకు (తెల్ల రక్తకణాల క్యాన్సర్‌కు) మాత్రం సిర ద్వారా శరీర వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 3 గ్రాములు, అంతకు పైన ఇస్తారు. ఆ జబ్బు మెదడు కణజాలం లోతులో విస్తరించి ఉంటుంది కనుక, రక్తంలో మోతాదును అమాంతం పెంచి గోడను దాటించవలసి వస్తుంది. అందుకు ఆసుపత్రిలో ఉంచి, నీరు బాగా ఎక్కించి, మూత్రం ఆమ్లత్వం సరిచూస్తూ, రక్తంలో మందు స్థాయి కొలుస్తూ, దాని విషప్రభావాన్ని తగ్గించే ల్యూకోవోరిన్ వేళకు ఇవ్వాలి. కిడ్నీలు బాగుంటేనే ఇది సాధ్యం. ‘వెన్నులోకి ఇస్తే తక్కువ మందుతో పోతుంది కదా’ అనే మాట ఈ లింఫోమాలో చెల్లదు.

వెన్నునీటి దారిని ఎంచుకున్న ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసిన ప్రమాదం ఒకటుంది. సిర ద్వారా మాత్రమే ఇవ్వవలసిన కీమో మందు విన్‌క్రిస్టీన్ పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణాంతకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రత్యేకంగా దీనిపై హెచ్చరిక జారీ చేసింది. దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వడం, దాన్నీ వెన్నులోకి ఇచ్చే మందునూ ఒకే సమయంలో ఒకే గదికి తేకపోవడం సురక్షితమైన పద్ధతులు. మీ ఆసుపత్రిలో దీన్ని ఎలా పాటిస్తున్నారని మర్యాదగా అడగవచ్చు. మంచి వార్డులో ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు.

కణజాలంలోకి నేరుగా

1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన పరిశోధకులు సన్నని గొట్టం ద్వారా స్వల్ప పీడనంతో మందును కణజాలంలోకి తోసే పద్ధతిని వివరించారు. మందు దానంతటదే వ్యాపించే దూరంకన్నా ఇలా తోస్తే సెంటీమీటర్ల దూరం వెళ్తుంది, అణువు పెద్దదైనా వెళ్తుంది. కాగితం మీద గ్లియోబ్లాస్టోమాకు ఇంతకన్నా తగిన పద్ధతి ఉండదు. అయినా 2010లో వెలువడిన పెద్ద పోలిక పరిశోధనలో ఈ పద్ధతిలో ఇచ్చిన మందు కార్ముస్టీన్ బిళ్ళలకన్నా జీవితకాలాన్ని పెంచలేకపోయింది. గొట్టం పక్క నుంచి మందు వెనక్కి కారడం, ఆపరేషన్ గుంతలోకో వెన్నునీటిలోకో జారిపోవడం వంటి చిక్కులు ఈ పద్ధతిలో ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పార్కిన్సన్స్ రోగులకు జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను ఇలాగే ఇచ్చిన పరిశోధన 2019లో వెలువడినప్పుడు, అదీ తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు.

అదే పద్ధతి మరో చోట నెగ్గింది. డోపమైన్ తయారీకి కావలసిన ఏఏడీసీ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పిల్లలకు, ఆ జన్యువును మోసుకెళ్ళే వైరస్‌ను మెదడులో రెండు వైపులా ఉన్న పుటామెన్ అనే భాగంలోకి మొత్తం 0.32 మి.లీ. మాత్రమే ఒక్కసారి ఎక్కిస్తారు. ఈ చికిత్సకు ఐరోపాలో 2022లో, అమెరికాలో 2024లో ఆమోదం దక్కింది. అక్కడ చేరవలసిన చోటు చిన్నది, ఎక్కడుందో కచ్చితంగా తెలుసు, ఒక్కసారి ఇస్తే చాలు, చేరిన జన్యువు లోపాన్ని నేరుగా సరిచేస్తుంది. గ్లియోబ్లాస్టోమాలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. గడ్డ ఉన్న రోగికి దీన్ని ట్రయల్ బయట ఎవరైనా ఇస్తామంటే అంగీకరించకూడదని నా సలహా.

గోడను తెరవడం

మెడలోని ధమని ద్వారా గాఢమైన మానిటాల్ (ఒక రకం చక్కెర) ద్రావణం ఎక్కిస్తే రక్తనాళాల కణాలు కాసేపు కుంచించుకుని సందులు తెరుచుకుంటాయి. అమెరికాలోని ఆరెగాన్‌లో ఎడ్వర్డ్ న్యూవెల్ట్ బృందం దశాబ్దాలపాటు దీన్ని అభివృద్ధి చేసింది. ఇది మత్తు ఇచ్చి చేయవలసిన పని, ఆ ధమని అందించే ప్రాంతమంతా తెరుచుకుంటుంది కాని కావలసిన చోటు ఒక్కటే కాదు, ఫిట్స్ రావచ్చు. అనుభవం ఉన్న కేంద్రాలు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నాయి.

అల్ట్రాసౌండ్ పద్ధతి మీద నాకు నిజమైన ఆశ ఉంది. రక్తంలోకి సూక్ష్మమైన గాలిబుడగలు ఎక్కించి, ఎంచుకున్న చోట ధ్వని తరంగాలను కేంద్రీకరిస్తే, ఆ బుడగలు సాగుతూ ముడుచుకుంటూ రక్తనాళం గోడను లోపలి నుంచి కదిలించి సందులు తెరుస్తాయి. టొరంటోలో 2015లో మెదడు గడ్డ ఉన్న రోగిలో పుర్రె కోయకుండా దీన్ని చేశారు. తల గుండు చేసి, ఫ్రేము బిగించి, ధ్వని తరంగాలు పుట్టించే వెయ్యికి పైగా ట్రాన్స్‌డ్యూసర్లున్న శిరస్త్రాణాన్ని ఎంఆర్‌ఐ లోపలే అమర్చి, తలకూ దానికీ మధ్య చల్లటి నీరు నింపుతారు. రోగి మెలకువగానే ఉంటారు. పారిస్‌లో అలెగ్జాండర్ కార్పెంటియర్ బృందం మరో దారి పట్టి, పుర్రె ఎముకలోనే చిన్న పరికరాన్ని అమర్చింది. దానితో ప్రతి కీమోకు ముందు కొద్ది నిమిషాలలో గోడ తెరవవచ్చు. తెరిచిన గోడ ఒకటి రెండు రోజులలో పూర్తిగా మూసుకుంటుంది కనుక, ప్రతి మోతాదుకూ మళ్ళీ తెరవాలి. 2024 జనవరిలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం బృందం ముగ్గురు అల్జీమర్స్ రోగులలో అమిలాయిడ్‌ను (ఆ జబ్బులో మెదడులో పేరుకునే ప్రోటీన్‌ను) తొలగించే యాంటీబాడీ అడుకానుమాబ్‌తో కలిపి దీన్ని ప్రయోగించినప్పుడు, తెరిచిన ప్రాంతంలో అమిలాయిడ్ ఎక్కువగా తగ్గింది. ముగ్గురిలో కనిపించిన ఆ ఫలితం దారి ఉందని చెబుతుంది కాని, రోగి జీవితం మెరుగుపడుతుందని ఇంకా చెప్పదు. వణుకుడు జబ్బుకు (ఎసెన్షియల్ ట్రెమర్‌కు) కణజాలాన్ని కాల్చే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ 2016 నుంచి అమెరికాలో ఆమోదం పొందిన చికిత్స. గోడ తెరిచే పద్ధతి దానికి భిన్నమైనది, ఇంకా పరిశోధనలోనే ఉన్నది. ఒకదానికి దక్కిన ఆమోదాన్ని రెండోదానికి ఆపాదించే ప్రకటనల పట్ల జాగ్రత్తగా ఉండాలి.

నానో కణాలు, వాహక యాంటీబాడీలు, ముక్కు

నానో కణాలలో అధిక భాగం కాలేయమూ ప్లీహమూ పట్టేస్తాయి. అయినా ఫంగస్ వల్ల మెదడు పొరలకు వచ్చే క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌లో లైపోసోమల్ యాంఫోటెరిసిన్ (సూక్ష్మమైన కొవ్వు బుడగలలో పెట్టిన మందు) ఒక్క పెద్ద మోతాదుతో పాటు మాత్రలు వాడే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. నానో రూపానికి మెదడు జబ్బులో దక్కిన గట్టి స్థానం అది. గడ్డలకు ఇంకా అంతటి ఆధారం లేదు. ట్రాన్స్‌ఫెరిన్ తలుపును (రక్తం నుంచి ఇనుమును లోపలికి తీసుకెళ్ళేదాన్ని) వాహక యాంటీబాడీతో పట్టుకుని పెద్ద ఎంజైమ్‌ను లోపలికి చేరవేసే పాబినాఫస్ప్ ఆల్ఫాను జపాన్ 2021లో, పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లోపించే హంటర్ సిండ్రోమ్‌కు ఆమోదించింది. పెద్ద అణువులకు భవిష్యత్తులో ఇదే రాజమార్గం అవుతుందని నా నమ్మకం.

ముక్కు దారి గురించి చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఎలుకల మీద చేసిన పని. ఎలుక ముక్కులో దాదాపు సగం భాగం వాసన పొర. మనిషిలో అది చాలా చిన్న భాగం. అల్జీమర్స్‌లో ముక్కు ద్వారా ఇచ్చిన ఇన్సులిన్ 2020లో వెలువడిన పెద్ద పరిశోధనలో మేలు చూపలేదు. మెదడు గడ్డ ఉన్న ఇంట్లో ఈ దారి నిజంగా పనికొచ్చేది ఒకచోట: ఐదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగనప్పుడు వాడే మిడజోలామ్ ముక్కు స్ప్రే. అది కూడా ప్రధానంగా ముక్కు పొర నుంచి రక్తంలోకి వెళ్ళి, గోడ సులువుగా దాటే మందు కావడం వల్లే పనిచేస్తుంది. మోతాదును డిశ్చార్జ్ సమయంలోనే బరువును బట్టి వైద్యునితో రాయించుకుని, దాన్ని ఎలా కొట్టాలో నర్సు దగ్గర చూసి నేర్చుకోవాలి.

నిర్ణయం తీసుకునేటప్పుడు

రెండో అభిప్రాయానికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. కాంట్రాస్ట్‌కు ముందూ తర్వాతా తీసిన ఎంఆర్‌ఐ సీడీ, బయాప్సీ రిపోర్టు, వీలైతే పారఫిన్ బ్లాకు, ఇప్పటివరకు వాడిన స్టెరాయిడ్ మోతాదు రాసిన కేస్ షీట్ వెంట ఉండాలి. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల న్యూరోసర్జన్ చూసేది మొదట ఆ సీడీనే. జబ్బు ముద్దగా ఉందా, పొరల మీద ఉందా, విస్తరించి ఉందా అన్న ప్రశ్నకు ఆయన చెప్పే జవాబును రాసుకుంటే, పైన చెప్పిన దారులలో సగం అక్కడే పక్కకు తప్పుకుంటాయి. ఏ చికిత్స ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. రిజర్వాయర్ అమర్చాక అడిగితే ఆలస్యమవుతుంది.

పరిశోధనలో ఉన్న పద్ధతిని ఎవరైనా సూచిస్తే, అది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదైందో లేదో చూడాలి. 2009 జూన్ నుంచి మన దేశంలో ట్రయల్స్ నమోదు తప్పనిసరి. పరిశోధన కోసమయ్యే ఖర్చును రోగి మీద మోపకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. కనుక నానో చికిత్స అనో, మూలకణాలనో చెప్పి లక్షలు కట్టమనేవారు చేస్తున్నది ట్రయల్ కాదు. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం రోగికి దక్కాలి. ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు ఉంది. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలోనే ఉండాలి. దాన్ని తెలుగులో అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చుకుని, ఆ పద్ధతి వల్ల ఆపవలసి వచ్చే ప్రస్తుత చికిత్స ఏదో అందులో రాసి ఉందా అని చూసి, లేకపోతే వైద్యుని చేత రాయించుకున్నాకే సంతకం చేయాలి.